అలారం ముందు ఎవరికి మోగాలి?

హనుమకొండ ఊరి చివర, కరీంనగర్ రోడ్డుకు కాస్త లోపలగా, రిటైరైన వాళ్ల కోసమే కట్టిన గృహ సముదాయంలో మా దంపతులం ఉంటున్నాం. నలభై పైచిలుకు ఇళ్లు, ఉమ్మడి భోజనశాల, ఒక నర్సు, గేటు దగ్గర కాపలావాళ్లు. ఇక్కడున్న వారిలో సగం మంది పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉన్నవాళ్లు. మిగతా సగం పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి చూసి, కుదరక వచ్చేసినవాళ్లు. నేను కాజీపేటలో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వైర్లూ, రిలేలనే కరెంటుతో నడిచే స్విచ్చులూ తెలిసినవాడినని పేరు పడటంతో, నిర్వాహకులు ‘స్మార్ట్ ఇళ్ల’ పథకం తలపెట్టినప్పుడు నివాసుల కమిటీలో నన్ను కూర్చోబెట్టారు. ఆ పథకం మా మధ్య ఎలా సాగిందో, ఎక్కడెక్కడ మొరాయించిందో రాస్తున్నాను. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఇలాంటివి పెట్టించాలని చూస్తున్న పిల్లలకు పనికొస్తుందేమో.

మొదట ఇంగ్లిషులో రెండు పేజీల నోటీసు వచ్చింది. ప్రతి ఇంటికీ పడకగదిలో, స్నానాలగదిలో మనిషి పడిపోతే కనిపెట్టే సెన్సర్లు, మెడలో వేసుకునే అత్యవసర బటన్, స్మార్ట్ బల్బులు, మాట చెబితే పనిచేసే స్పీకరు, గేటు దగ్గరికి ఎవరొచ్చారో ఫోనులో చూపించే యాప్. మొదటి ఏడాది అంతా ఉచితం. చాలామంది ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వెనకవైపు కిరాణా చీటీ రాసుకోవడానికి దాచుకున్నారు.

సమావేశంలో మొదటి ప్రశ్న ఆడవాళ్ల వైపు నుంచే వచ్చింది. “స్నానాలగదిలో కెమెరానా?” కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు “కెమెరా కాదమ్మా, రాడార్” అన్నాడు. ఆ మాటతో పరిస్థితి ఇంకా చెడింది. రాడార్ అంటే విమానాలను పట్టుకునేది కదా అని ఒకరు, ఒంటికి మంచిది కాదేమో అని ఇంకొకరు. పాపం, అతను వివరంగానే చెప్పాడు. ఆ డబ్బా రేడియో తరంగాలను వదులుతుంది, అవి ఒంటికి తగిలి వెనక్కి వస్తాయి, ఎంత ఎత్తులో ఏది కదిలిందో దాన్నిబట్టి లెక్కకడుతుంది, బొమ్మ తీయదు. ఎవరి ముఖంలోనూ నమ్మకం కనపడలేదు.

పరకాల వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ ఒకరున్నారు. ఇక్కడ అందరికీ ఆవిడ టీచరమ్మే. “బాబూ, నువ్వు చెప్పేది బాగానే ఉంది. అది చూసేదేమిటో మాకు చూపించు” అన్నారు. కుర్రాడు డబ్బాను భోజనశాల గోడకు తగిలించి, లాప్‌టాప్‌ను బల్ల మీద మా వైపు తిప్పి పెట్టాడు. తెర మీద నల్లటి చట్రంలో ఆకుపచ్చ చుక్కలు. టీచరమ్మ నడిచి వెళ్లి నిలబడితే చుక్కలన్నీ నిలువుగా ఒక కుప్ప అయ్యాయి. కూర్చుంటే సగానికి తగ్గాయి. సింగరేణిలో ముప్పై ఏళ్లకు పైగా గనిలో దిగిన పెద్దమనిషి, అడగకుండానే పంచె సర్దుకుని నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. చుక్కలు తెర అడుగున బియ్యం ఒలికినట్టు పరుచుకున్నాయి. కింద ఒక సన్నటి గీత మాత్రం మెల్లగా పైకీ కిందికీ ఊగుతోంది. అది ఆయన ఊపిరి. హాలంతా నిశ్శబ్దంగా ఆ గీతనే చూసింది. ఆయన లేచి దుమ్ము దులుపుకుంటూ “ఇందులో ఉన్నది నేనో, మా బర్రెనో మా ఇంటిదానికి కూడా తెలియదు” అన్నాడు. ఆ నవ్వులతో స్నానాలగది గొడవ చాలావరకు సమసిపోయింది.

బల్బుల సంగతి వేరే. అవి పెట్టిన వారంలోనే ఇంటింటి నుంచీ ఫిర్యాదు: ఫోనుతో వెలగడం లేదు, నోటితో చెప్పినా వెలగడం లేదు. కారణం చాలా సులువు. స్మార్ట్ బల్బుకు ఎప్పుడూ కరెంటు అందుతుండాలి. గోడ మీద స్విచ్ ఆపితే దానికి ప్రాణమే ఉండదు, ఇక మాట ఎలా వింటుంది? మాది పడుకునే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ కట్టేసే తరం. కరెంటు బిల్లు భయంతో పెరిగినవాళ్లం. నిర్వాహకులు స్విచ్చుల మీద ‘ఆపవద్దు’ అని ఎర్ర స్టిక్కర్లు అంటించారు. మా ఆవిడ స్టిక్కరును గోటితో గీకి తీసేసి మరీ ఆపింది. చివరికి మామూలు బల్బులే పెట్టి, స్విచ్‌బోర్డు లోపల ఇమిడిపోయే చిన్న పరికరం బిగించారు. స్విచ్ ఎప్పటిలాగే నొక్కవచ్చు, కావాలంటే మాటతోనూ వెలిగించవచ్చు. ఎవరికీ ఏమీ నేర్పించాల్సిన అవసరం రాలేదు. ఈ పని మొదటే చేసి ఉంటే స్టిక్కర్ల ఖర్చు మిగిలేది.

స్పీకరు అందరికంటే ముందు పట్టుబడింది ఎవరికో చెబితే నమ్మరు. ఎనభై ఏడేళ్ల పెద్దాయనకు. మా ఇళ్లలో పెట్టిన స్పీకరుకు ఇంగ్లిషు, హిందీ తప్ప తెలుగు రాదు. కంప్యూటర్ మీద పనిచేసి వచ్చిన బ్యాంకు ఆఫీసర్లు ఇంగ్లిషులో గట్టిగా అరుస్తుంటే అది క్షమించమని అడుగుతూ కూర్చుంది. ఈ పెద్దాయన నిజాం జమానాలో ప్రాథమిక చదువు ఉర్దూలో చదివినవాడు. 1948 తరువాత తెలుగు బడికి మారినా ఆ భాష నాలుక మీద నుంచి పోలేదు. స్పీకరు ముందు కుర్చీ వేసుకుని, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు “జరా బత్తీ బంద్ కర్ దీజియే” అన్నాడు. దీపం ఆరింది. “షుక్రియా” అని కూడా అన్నాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే దానితో పాత గజళ్లు పెట్టించుకుంటాడు, మాత్రల వేళ చెప్పించుకుంటాడు. పక్కిళ్ల వాళ్లు ఆయన దగ్గర నాలుగు హిందీ ముక్కలు నేర్చుకుని వెళ్తున్నారు. వయసు పెరిగేకొద్దీ పరికరాలకు దూరమవుతారనే లెక్క మా దగ్గర ఇలా తలకిందులైంది.

మెడలో బటన్ మాత్రం ఎవరి మెడలోనూ నిలవలేదు. ఆడవాళ్లకు పుస్తెలతాడు పక్కన ప్లాస్టిక్ బిళ్ల నచ్చలేదు. మగవాళ్లకు అది రోగి గుర్తులా అనిపించింది. ఏ ఇంట్లో చూసినా క్యాలెండరు మేకుకే వేలాడుతోంది. స్నానానికి వెళ్తే ఎలాగూ తీసేస్తారు, ఎక్కువ భయపడాల్సిందేమో అక్కడే. దాని బదులు చేతి పట్టీలు ఇచ్చారు. పట్టీ అడుగున ఉండే ఆకుపచ్చ వెలుగు చర్మానికి ఆనుకుని ఉంటేనే నాడి లెక్క సరిగ్గా వస్తుంది. మట్టిగాజుల వెనక అది ఆనదు, గాజుల ముందు పెడితే మణికట్టు ఎముక మీదికి జారుతుంది. గాజులు తీసేయమని చెప్పే ధైర్యం కంపెనీ కుర్రాడికి లేదు, నాకూ లేదు.

అన్నిటికంటే చవకైనదే నాకు నచ్చింది: స్నానాలగదిలో పైకప్పు నుంచి వేలాడే ఎర్ర తాడు. లాగితే నర్సు గదిలో గంట మోగుతుంది. పడిపోయిన మనిషికి అందాలంటే అది నేల దాకా ఉండాలి. తనిఖీకి వెళ్తే సగం ఇళ్లలో తాడును పైకి చుట్టి ముడేసి ఉంచారు, గది కడిగేటప్పుడు తడుస్తుందని. పనివాళ్లను పిలిచి, ఒక్కొక్కరినీ నేల మీద కూర్చోబెట్టి ఆ తాడు అందుకోమన్నాం. చేయి గాల్లో ఊగేసరికి వాళ్లకే అర్థమైంది. ఆ తరువాత ముళ్లు కనపడలేదు.

అసలు గొడవ మే నెలలో వచ్చింది.

మా పక్కింట్లో ఒక్కరే ఉండే వదినగారు ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తిన్నాక మంచం మీద పడుకోరు. హాల్లో తడిగుడ్డతో తుడిచిన నేల మీద చాప పరుచుకుని పడుకుంటారు. ఈ ప్రాంతపు ఎండలు తెలిసినవాళ్లకు అందులో వింతేమీ కనపడదు. హాల్లోనూ ఒక డబ్బా పెట్టించింది డల్లాస్‌లో ఉన్న కొడుకు, అదనంగా డబ్బు కట్టి. మంచం ఉన్న చోటును కుర్రాడు ముందే గుర్తించి పెట్టాడు కాబట్టి దాని మీద పడుకుంటే డబ్బా ఊరుకుంటుంది. నేలకు అంత దగ్గరగా మనిషి కదలకుండా ఉంటే మాత్రం దాని లెక్కలో పడిపోయినట్టే. మధ్యాహ్నం రెండు గంటలకు ఇక్కడ వదినగారు కునుకు తీస్తుంటే, డల్లాస్‌లో తెల్లవారుజామున మూడున్నరకు కొడుకు ఫోను మోగింది. అతను అమ్మకు చేస్తే ఎత్తదు, నిద్రలో ఉంది. మాకు చేశాడు, ఆఫీసుకు చేశాడు, హైదరాబాదులో బావమరిదికి చేశాడు. మేం ఐదారుగురం తలుపు కొట్టేసరికి ఆవిడ కళ్లు నులుముకుంటూ వచ్చి “ఎవరికేమైంది?” అని అడిగారు.

అది ఒక్కసారే అయితే నవ్వుకునేవాళ్లం. పొద్దున్నే ఫోనులో “అమ్మా, రాత్రి నాలుగుసార్లు లేచావట, షుగర్ చూపించుకున్నావా?” అని మొదలైంది. కొడుకు ప్రేమతోనే అడిగాడు, అందులో సందేహం లేదు. వదినగారికి మాత్రం మండిపోయింది. “నేను రాత్రి ఎన్నిసార్లు లేచానో వాడికి చెప్పే అధికారం ఈ డబ్బాకు ఎవరిచ్చారన్నయ్యా?” అని నన్నే నిలదీశారు. డబ్బా మీద తువ్వాలు కప్పారు. రాడార్ తరంగాలు గుడ్డలోంచి దర్జాగా పోతాయి. ఆ సంగతి నేను చెప్పగానే ఏకంగా ప్లగ్గు పీకేశారు. వారం తిరగకముందే ఇంకొన్ని ఇళ్లలో ప్లగ్గులు ఊడాయి.

అప్పుడు కమిటీలో కూర్చుని ఒకే ఒక్క విషయం మీద చాలాసేపు మాట్లాడుకున్నాం: అలారం ముందు ఎవరికి మోగాలి? కంపెనీ పెట్టిన వరస ప్రకారం ముందు పిల్లలకు, తరువాత ఆఫీసుకు. డబ్బు కట్టేది పిల్లలే కాబట్టి వాళ్లే తమ వినియోగదారులని కంపెనీ లెక్క. మేం దాన్ని తిరగేయించాం. ముందు ఆ ఇంట్లోనే మోగాలి, ‘బాగానే ఉన్నాను’ అనడానికి గోడ మీద పెద్ద బటన్ ఉండాలి. అర నిమిషంలో నొక్కకపోతే పక్కింటికి, ఆ వెంటనే నర్సుకు. నర్సు వచ్చి మనిషిని కళ్లతో చూశాకే పిల్లలకు. ఎన్నిసార్లు లేచారు, ఎంతసేపు పడుకున్నారు అనే రోజువారీ పట్టికలు ఆ ఇంటివాళ్లు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే ఇంకొకరికి వెళ్లాలి, వద్దనుకున్న రోజు ఆగిపోవాలి. టీచరమ్మ 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి కూడా పట్టుకొచ్చారు. సమ్మతి స్వేచ్ఛగా ఇవ్వాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి అని అందులో ఉంది. కంపెనీ వాళ్లు చట్టం పేరు వినగానే ఎక్కువ వాదించలేదు.

వదినగారి చాప సంగతి ఆవిడకే వదిలేశాం. చాప పరిచే చోటును కూడా మంచంలాగే గుర్తిస్తే డబ్బా ఊరుకుంటుంది, కానీ నిజంగా అక్కడే పడిపోతే అప్పుడూ ఊరుకుంటుంది. ఆ మాట కుర్రాడు దాచకుండా చెప్పాడు. “చాప చోటు వదిలేయండి, స్నానాలగది మాత్రం వదలొద్దు” అని ఆవిడ తేల్చారు. ప్లగ్గు ఆవిడే మళ్లీ పెట్టారు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు ఇదంతా విని, “తాతయ్యా, దీని మీద పెద్ద శాస్త్రమే ఉంది” అంది. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే ఆయన, మనుషులు కొత్త సాంకేతికతను ఒప్పుకోవడానికి రెండు విషయాలు ముఖ్యమన్నాడట: ఇది నాకు పనికొస్తుందనిపించాలి, వాడటం తేలికనిపించాలి. తరువాత హాంకాంగ్‌లో చెన్, చాన్ అనే ఇద్దరు 55 ఏళ్లు దాటిన వెయ్యి మందికి పైగా పెద్దవాళ్లను అడిగి చూసి, 2014లో ఒక పత్రం వేశారు. పెద్దవాళ్ల విషయంలో ఆ రెండిటికంటే వాళ్ల ఆరోగ్యం, చదువు, ‘నేను చేయగలను’ అనే ధీమా, జంకు, పక్కన సాయం దొరకడం లాంటివే వాడకాన్ని బాగా చెప్పగలిగాయట. పక్కన సాయం అన్న ముక్క దగ్గర నేను తలూపాను. నేను చూసినంతలో ఇంకోటి కూడా ఉంది. డబ్బా తన కోసం పనిచేస్తోందా, తన మీద పనిచేస్తోందా అని ప్రతి ముసలివాడూ ముందు అదే చూస్తాడు. ఆ పరీక్షలో నెగ్గితే తక్కినవి కష్టపడి అయినా నేర్చుకుంటాడు.

నవంబరులో బతికే ఉన్నామని పింఛనుదారులు ఇచ్చే ధ్రువపత్రం సంగతి చూడండి. దాని డిజిటల్ రూపం జీవన్ ప్రమాణ్ 2014లో మొదలైంది. మొదట్లో వేలిముద్రలతో నడిచేది. గనిలో పనిచేసిన మా పెద్దమనిషి వేళ్లు అరిగిపోయి ముద్ర పడేది కాదు, బ్యాంకులో గంటలకొద్దీ కూర్చునేవాడు. 2021 నుంచి ముఖం చూపించి ఫోనులోనే ఇవ్వవచ్చు. ఒకటికి రెండు యాప్‌లు దించుకోవాలి, ఆధార్ సంఖ్య కొట్టాలి, వెలుతురులో నిలబడి తెర చెప్పినప్పుడు కళ్లు ఆర్పాలి. స్మార్ట్ బల్బుకంటే ఇది కష్టం. అయినా మా వాళ్లలో చాలామంది సొంతంగా నేర్చుకున్నారు, ఎనభై దాటినవాళ్లయితే అక్టోబరులోనే ముగించేశారు. ఆటో ఖర్చు, క్యూ తప్పాయి, పైగా ఆ ఫోను వాళ్ల చేతిలోనే ఉంది.

నేర్పడం సాయంత్రం టీ తరువాత జరుగుతుంది. కుర్రాళ్లు నేర్పితే వేలు చకచకా ఆడించి “ఇంతే అంకుల్” అంటారు. అది నేర్పడం కాదు, చూపించి పారిపోవడం. మాలో మేం నేర్పుకునేటప్పుడు ఫోను నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉంటుంది, మెట్లు వాళ్ల చేతిరాతలోనే నోటుబుక్కులోకి ఎక్కుతాయి. వయసు మీద చర్మం పొడిబారి తెర తాకిడిని పట్టుకోదు. తడి చేతిరుమాలుకు వేలు ఒకసారి అద్దితే పట్టుకుంటుంది. వేలు ఆనించి కాస్త ఎక్కువసేపు ఉంచే అలవాటు వల్ల ఏవేవో పెట్టెలు తెరుచుకుంటుంటే, సెట్టింగులలో ఆ వ్యవధిని పెంచుకోవచ్చు. ఈ రెండు చిట్కాలతోనే సగం జంకు పోయింది. మిగతా సగం జంకు డబ్బు గురించి. “ఇది నొక్కితే ఖాతాలో డబ్బులు పోవు కదా?” అని ప్రతి పాఠంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. పోలీసులమని వీడియోలో బెదిరించి దోచుకునేవాళ్ల వార్తలు రోజూ చదువుతుంటే ఎందుకు అడగరు? సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930, పెద్దల సహాయవాణి 14567 పెద్ద అంకెలతో రాసి భోజనశాలలో అంటించాం.

ఇక నా సొంత రంగానికి వస్తాను. ఒక వాన రాత్రి కరెంటు పోయింది. ఇళ్లలో ఇన్వర్టర్లు ఉన్నాయి కానీ ఇంటర్నెట్ రౌటరును వాటికి కలపలేదు. తెల్లారేదాకా డబ్బాలన్నీ మూగబోయాయి, ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆఫీసు తెర మీద అన్ని ఇళ్లూ పచ్చగానే కనపడ్డాయి, ఎందుకంటే చివరిసారి వచ్చిన కబురు ‘అంతా బాగుంది’ అనే. రైల్వేలో ఇలా చేస్తే ఉద్యోగం ఊడుతుంది. సిగ్నల్ రిలేకు కరెంటు అందకపోతే అది తన బరువుతోనే కింద పడి సిగ్నల్‌ను ఎరుపుకు తెస్తుంది. వైరు తెగినా, ఫ్యూజు పోయినా ఎరుపే. ఏమైందో తెలియనప్పుడు ప్రమాదమనే చూపించాలి. కుర్రాణ్ణి పిలిచి, డబ్బా ఐదు నిమిషాలు మాట్లాడకపోతే ఆ ఇల్లు ఎర్రగా కనపడాలి అన్నాను. “ఆ సదుపాయం ఉంది సార్, ఎవరూ అడగలేదు” అన్నాడు. రౌటర్లను ఇన్వర్టరు లైనుకు మార్పించాం, పచ్చరంగు అంటే ఇప్పుడు నిజంగా పచ్చరంగే.

ప్రస్తుతం స్నానాలగది సెన్సర్ దాదాపు అన్ని ఇళ్లలోనూ నడుస్తోంది. స్పీకరు పొద్దున సుప్రభాతానికి, మాత్రలకు, క్రికెట్ స్కోరుకు. గేటు యాప్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ, కాపలా అతను ఇంటర్‌కంలో పిలిస్తేనే అందరికీ తృప్తి. రెండిళ్లవాళ్లు ఏదీ వద్దన్నారు, వాళ్లను ఒత్తిడి చేయరాదని కమిటీ పుస్తకంలో రాసుకున్నాం. ఉచిత ఏడాది ముగియబోతోంది, చందా అడుగుతున్నారు. కబుర్లన్నీ కంపెనీ సర్వరు ద్వారా తిరిగి వస్తున్నాయి కాబట్టి, ఆ కంపెనీ రేపు మూతపడితే ఈ డబ్బాలు గోడకు అలంకారాలే. ఇంటర్నెట్ లేకపోయినా, కంపెనీ లేకపోయినా నర్సు గదిలో గంట మోగే ఏర్పాటు కావాలని అడిగాం. దానికి జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా చందా వసూలు ఆపాలని మొన్నటి సమావేశంలో తీర్మానించాం.